ఎడమవైపు వెనక స్పీకరు

కరీంనగర్
జనవరి 20, 2025

మనవడు వెస్లీకి బాపమ్మ దీవెనలు.

నువ్వు ఆదిలాబాద్ నుంచి బస్సులో వేసిన పెట్టె శుక్రవారం అందింది. విప్పి చూసుకున్నాను. చిన్న స్పీకర్లు ఐదు, బరువైన నల్లడబ్బా ఒకటి, ఆంప్లిఫయరు ఒకటి, వైరు చుట్టలు ఆరు, రిమోటు ఒకటి. గోడకు బిగించే క్లాంపులు నాలుగని పెట్టె మీద రాసి ఉంది, లోపల మూడే ఉన్నాయి. నీ దుకాణంలో వెతుకు.

క్రిస్మసుకు నువ్వు పెట్టించిన కొత్త టీవీలో బొమ్మ బాగుంది, గొంతు లేదు. వార్తలు చదివేవాళ్ళు నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. ఈ స్పీకర్లు పెడితే బాగుపడుతుందన్నావు కనుక ఒప్పుకున్నాను. ఇవి బిగించడానికి నువ్వు పని మానుకుని రానక్కరలేదు. ముప్పై నాలుగేళ్ళు రేఖాగణితం చెప్పినదాన్ని. ఏది ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ కోణంలో ఉండాలో రాసి పంపు. వడ్రంగి పరశురాములుతో నేను పెట్టిస్తాను.

ఫోనులో చెప్పకు. ఇప్పటి ఫోన్లలో మాట సగం గాలికి పోతుంది. కాగితం మీద ఉంటే మళ్ళీ చూసుకోవచ్చు.

గుడిలో ఈస్టరు పాటల సాధన మొదలైంది. ఈసారి నా బృందంలో ఇరవై ఇద్దరు. నా ఎదురుగా కుడిచేతి వైపు నిలబడి అసలు రాగం పాడేవాళ్ళు బాగానే ఉన్నారు. ఎడమచేతి వైపు, కింది స్థాయిలో రెండో స్వరం పాడవలసిన వరుస పైకి రావడమే లేదు. ఆ వరుసకు ఆధారం మమతారాణి. నాకు అనుమానంగా ఉంది. చూస్తున్నాను.

బాపమ్మ

*

ఆదిలాబాద్
జనవరి 27

బాపమ్మకు వందనాలు.

నాలుగో క్లాంపు నా బల్ల కిందే దొరికింది. ఈ కవరులోనే పెట్టాను, విప్పేటప్పుడు చెయ్యి జాగ్రత్త.

స్పీకర్లు పెట్టడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. గదిని కొలిచి, గది మధ్య నుంచి మొదలుపెడతారు. మొన్న జైనూర్‌లో ఒక పత్తి వ్యాపారి హాలుకు నాలుగు మూలలా నాలుగు బిగించుకుని, "సినిమాహాల్ లెక్క వస్తలేదేందన్నా?" అని నన్ను పిలిపించాడు. మూలలు గదికి ఉంటాయి గాని మనిషికి ఉండవు. నువ్వు ముందు కుర్చీ వేసుకుని కూర్చో. నీ తలే కేంద్రం. కొలతలన్నీ అక్కడి నుంచి.

మధ్య స్పీకరు టీవీ కింద పెట్టు. మాటలు వచ్చేది దాంట్లోంచే. ముందు రెండింటికీ, నీ తల నుంచి టీవీ మధ్యకు ఒక గీత ఉందనుకుని, దానికి అటు ముప్పై డిగ్రీలు, ఇటు ముప్పై డిగ్రీలు. నువ్వూ అవీ కలిసి సమబాహు త్రిభుజం కావాలి. వెనక రెండూ నూట పది డిగ్రీల దగ్గర, అంటే చెవికి సూటిగా కాక కొంచెం వెనగ్గా, చెవికన్నా రెండడుగులు పైన. నల్లడబ్బా ముందు ఏ పక్కనున్నా పరవాలేదు.

అన్నీ అయ్యాక రిమోటులో టెస్ట్ నొక్కు. ఒక్కో స్పీకరు వంతు ప్రకారం చాటలో బియ్యం చెరిగినట్టు చప్పుడు చేస్తుంది. ఐదూ నీకు ఒకే తీరుగా వినపడితే పని అయిపోయినట్టు.

మమతక్క గురించి ఒక మాట. క్రిస్మసు రోజు నేను ఆలస్యంగా వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాను. ఆమె గొంతు అక్కడిదాకా వచ్చింది. తొందరపడకు.

నీ వెస్లీ

*

కరీంనగర్
ఫిబ్రవరి 9

వెస్లీకి,

బిగించడం పూర్తయింది. పరశురాములు ఇరవై ఏళ్ళు సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పనిచేసి, ఆ మోతకు రెండు చెవులూ పోగొట్టుకుని, తర్వాత వడ్రంగం పట్టిన మనిషి. అతనికి ప్రతి మాటా అరిచి చెప్పాలి. కుర్చీలో కూర్చుని, నా చెవి నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలవమన్నాను.

"దర్వాజ కొలుస్త, మంచం కొలుస్త. మనిషి చెవు కొలుసుడు గీ అరువై ఏండ్లల్ల ఇదే మొదలు టీచరమ్మా" అన్నాడు.

"మాట్లాడకుండా కొలువు."

"మీది కొసకా, కింది తమ్మెకా?"

"రంధ్రానికి."

మూడడుగుల నాలుగు అంగుళాలు. కనుక వెనక స్పీకర్లు ఐదడుగుల నాలుగు అంగుళాల ఎత్తులో వచ్చాయి. కుర్చీ నుంచి ముందు స్పీకర్లు తొమ్మిదేసి అడుగులు, వాటి మధ్య తొమ్మిది అడుగులు. పక్కగోడలు నాకు ఐదడుగుల ఏడు అంగుళాల దూరంలో ఉన్నాయి కాబట్టి, నూట పది డిగ్రీలకు వెనకవి నా చెవి గీత నుంచి ఇరవై నాలుగున్నర అంగుళాలు వెనక్కి పోవాలి. పోయాయి. నా పాత చెక్క కోణమానినితో సరిచూశాను. అర డిగ్రీ కూడా తేడా లేదు.

టెస్ట్ నొక్కాను. మధ్యది, కుడి రెండూ చక్కగా పలికాయి. ముందు ఎడమది నీరసంగా ఉంది. వెనక ఎడమది దాదాపు మూగ. పక్కింట్లో ఎవరో చెరుగుతున్నట్టుంది. పాత సరుకు అంటగట్టావేమో చూసుకో.

నిన్న శనివారం సాధనలో మమతారాణిని దింపేశాను. పాట మధ్యలో ఆపి, "నీ నోరు కదులుతున్నది గాని పాట రావడం లేదు. దేవుని సన్నిధిలో నటన కూడదు" అన్నాను.

"పాడుతున్న టీచరమ్మా" అన్నది.

"పాడితే నాకు వినపడాలి కదా."

చుట్టూ అంతమంది ఉన్నారు. ఒక్కరూ ఆమె తరఫున మాట్లాడలేదు. అంటే అందరికీ తెలిసిన సంగతే. ఆమె పాటల పుస్తకం బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయింది. నాకూ సంతోషంగా ఏమీ లేదు. కాని ఇరవై ఆరేళ్ళుగా నడుపుతున్న బృందం ఇది.

బాపమ్మ

*

ఆదిలాబాద్
ఫిబ్రవరి 13

బాపమ్మా,

నీ కొలతలు చదివి మా మేస్త్రీకి చూపించాను. "మీ బాపమ్మను పనికి తోలియ్యి భయ్యా, రోజుకు మూడిండ్లు చేస్తం" అన్నాడు.

ఇక్కడ పెట్టెలో పెట్టేముందు ఐదూ మోగించి చూశాను. అన్నీ పలికాయి. అయినా దారిలో దెబ్బ తగలవచ్చు. వెనక ఎడమది విప్పి కుడివైపు, కుడిది ఎడమవైపు బిగించు. చెడింది స్పీకరే అయితే మూగతనం దానితోపాటు కుడికి వస్తుంది. రాకపోతే ఆంప్లిఫయరు వెనక ఆ రెండు వైర్లూ మార్చి పెట్టి చూడు.

మమతక్క సంగతి చదివి మనసు బాగోలేదు. ఎవరూ మాట్లాడలేదు కనుక ఒప్పుకున్నట్టే అని రాశావు. నేను నీ బడిలో చదివినవాణ్ణి. నువ్వు ఎవరినైనా నిలబెట్టి అడిగినప్పుడు క్లాసులో మేమెవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. అది ఒప్పుకోవడం కాదు, భయం. ఆమె చోటులో ఇంకెవరినీ పెట్టకు.

నీ వెస్లీ

*

కరీంనగర్
ఫిబ్రవరి 19

వెస్లీకి,

బడిలో నా క్లాసు ఎలా ఉండేదో నువ్వు నాకు చెప్పనక్కరలేదు. నువ్వు ఏడో తరగతిలో గణితానికి తెచ్చుకున్న మార్కులు నాకు ఇంకా గుర్తున్నాయి.

స్పీకర్లు అటుది ఇటు, ఇటుది అటు బిగించాం. ఎడమవైపే మూగ. వైర్లు మార్చాం. అయినా ఎడమవైపే మూగ. పరశురాములు ఆ స్పీకరు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"ఇది నడుస్తుంది టీచరమ్మా" అన్నాడు.

"నీకు వినపడిందా?"

"నాకేం వినవడుతది? షెడ్డుల సాంచె నడుస్తుందా ఆగిందా చెవుతోని ఎరుకైతదా? చెయ్యి పెట్టి చూసుడే. గిది మంచిగ కొట్టుకుంటుంది."

రెండు చెవులూ లేని మనిషి సాక్ష్యం నేను ఎలా రాసుకోను? సాంచె అంటే మరమగ్గం. దాని సంగతి అతనికి తెలుసు, స్పీకరు సంగతి తెలియదు.

ఆ పక్క వీధి కిటికీ ఉంది. చప్పుడు అందులోంచి బయటికి పోతున్నదని నా నిర్ణయం. బొంత కట్టించి చూస్తాను.

మమతారాణి చోటులో బృందంలోని మరో అమ్మాయి ఆరాధనను నిలబెట్టాను. లాభం లేదు. ఆమె గొంతూ రావడం లేదు, ఆమె పక్కనున్న దీపికదీ రావడం లేదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నట్టున్నారు. మార్చి ఒకటో తేదీ శనివారం సాధన ఉంది. ఆ రోజు వీళ్ళిద్దరికీ కూడా దిగిపొమ్మని చెప్పేస్తాను. ఈస్టరుకు రెండో స్వరం లేకపోయినా పరవాలేదు, అబద్ధపు పాట వద్దు.

బాపమ్మ

*

ఆదిలాబాద్
ఫిబ్రవరి 24

బాపమ్మా,

ఇది స్పీడు పోస్టులో వేస్తున్నాను. శనివారం లోపు అందాలి.

బొంత కట్టకు. స్పీకరు మార్చి చూశావు, వైరు మార్చి చూశావు. మార్చనిది కుర్చీ ఒక్కటే. దాన్ని ఉన్నచోటే వెనక్కి తిప్పి, టీవీకి వీపు పెట్టి కూర్చుని టెస్ట్ నొక్కు. ఏ స్పీకరు పలికింది, ఏది పలకలేదు, రాసుకో.

సాధనకు పోకముందే చెయ్యి. అది చేసేదాకా ఆరాధనను గాని దీపికను గాని ఒక్క మాట అనకు. ఎందుకని అడగకు. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ ఒట్టు పెట్టి అడగలేదు. ఇది అడుగుతున్నాను.

నీ వెస్లీ

*

కరీంనగర్
మార్చి 1

వెస్లీకి,

నిన్న సాయంత్రం నాలుగున్నరకు చేశాను. టీవీకి వీపు పెట్టి కూర్చున్నాను. ఇరవై రోజులుగా మూగగా ఉన్న స్పీకరు నా కుడివైపుకు వచ్చింది. గట్టిగా పలికింది. ఇన్నాళ్ళూ పలికినది నా ఎడమవైపుకు వచ్చింది. అది మూగబోయింది.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

ఈ రోజు సాధన లేదని కబురు పంపాను. ఎవరినీ ఏమీ అనలేదు.

బాపమ్మ

*

ఆదిలాబాద్
మార్చి 6

బాపమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వైర్లు మార్చినా ఎడమే మూగ అని రాసినప్పుడే నాకు తెలిసిపోయింది. నీ ఎడమ చెవి గురించి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. నేను చెబితే నువ్వు కోప్పడి కాగితం మడిచి పెడతావు. నీ కొలత నీకు చెబితే వింటావనుకున్నాను. నన్ను క్షమించు.

పరేషాన్ కాకు. చెవి డాక్టరుకు చూపిద్దాం. చిన్న యంత్రం పెట్టుకుని అన్ని పనులూ చేసుకునేవాళ్ళు ఎంతమందో ఉన్నారు.

మమతక్క సంగతి నేను ఆలోచించాను. ఆమెకు కబురు పెట్టి, "ఈస్టరుకు మనుషులు తక్కువయ్యారు, వచ్చి నిలబడు" అను. వస్తుంది. చెవి సంగతి సంఘంలో ఎవరికీ తెలియనక్కరలేదు. ఇరవై ఆరేళ్ళ మర్యాద ఒక్క చెవి మూలంగా పోకూడదు. ఆమెకు ఆమె చోటు దొరుకుతుంది, నీ చోటు నీకు ఉంటుంది.

నీ వెస్లీ

*

కరీంనగర్
మార్చి 17

వెస్లీకి,

తెలిసి కూడా పది రోజులు చెప్పకుండా ఉన్నందుకు కోపం వచ్చింది. తర్వాత, నువ్వు చెప్పి ఉంటే నేను ఏం చేసేదాన్నో ఆలోచించాను. కిటికీకి బొంత కట్టించేదాన్ని. కోపం తీసేశాను.

ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాను. ఏడాదిగా నేను తప్పు పట్టినవి: టీవీ గొంతు. ఫోను. కుడిచేత్తో రాసుకోవడం అలవాటు కాబట్టి ఫోను ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టేదాన్ని. పాలామె గొణుగుతున్నదని తిట్టాను. నీ స్పీకరు. వీధి కిటికీ. పరశురాములు సాక్ష్యం. మమతారాణి. వస్తువులకు చెప్పుకోవలసింది ఏమీ లేదు. మనుషులకు ఉంది.

పాలామెతో అయిపోయింది. పరశురాములుకు చెబితే నవ్వాడు. "నా చెయ్యి అప్పుడే చెప్పింది గదా టీచరమ్మా. ఒక్క చెవుకు ఫికర్ జేస్తరా? నాకు రెండు లెవ్వు, ఇల్లు నడుస్తలేదా?" అన్నాడు.

నువ్వు రాసిన ఉపాయం చదివాను. మనుషులు తక్కువయ్యారని పిలిస్తే ఆమె వస్తుంది, నిజమే. నటించిందన్న మాట ఆమె మీద అలాగే ఉంటుంది. దాన్ని ఆమె మోస్తూ నిలబడాలి, నేను చూస్తూ నిలబడాలి. అది నా వల్ల కాదు.

మొన్న శనివారం ఆమె ఇంటికి పోయాను. బడిపిల్లల బట్టలు కుడుతున్నది. మిషను ఆపలేదు. "పోయింది నా చెవి. నీ గొంతు కాదు. నేను అన్నది తప్పు" అని చెప్పాను. మిషను ఆగింది, తల మాత్రం ఎత్తలేదు. వాళ్ళ అత్త ఐలవ్వ గల్మ కాడ గడప మీద కూర్చుని ఉంది. వాళ్ళది నేత కుటుంబం. కోడలు మాత్రమే మన సంఘానికి వస్తుంది. పండుగలకు ఐలవ్వ గుడి బయట చెట్టు కింద నిలబడి కోడలి పాట విని పోతుంటుంది. ఆమె అన్నది:

"టీచరమ్మా, మస్తు మందిల అంటివి, మా కోడలు ఉత్తగనే నోరు ఆడిస్తుందని. ఆ దినం గుడికాడికెల్లి ఇంటికచ్చేదాక నలుగురు అడిగిండ్రట, నిజమేనా అని. గిప్పుడు నాలుగు గోడల నడుమ తప్పైందంటే ఎట్ల? అన్నకాడనే అనాలె."

"అవ్వా, ఊకో" అన్నది మమతారాణి.

"ఎందుకూకోవాలె? నేను గుడిల పాటలు పాడుతనా, నాకు భయమెందుకు?"

ఆమె బడికి పోయిన మనిషి కాదు. నేను ఏం చెప్పడానికి వచ్చానో నాకంటే తనకే బాగా తెలుసు. "వచ్చే ఆదివారం" అని చెప్పి వచ్చాను.

ఆ చోట నిలబడి ఇరవై ఆరేళ్ళు ఎదుటివాళ్ళ తప్పులు దిద్దాను. నా తప్పు ఒక్కటీ చెప్పిన గుర్తు లేదు. నాకు భయంగా ఉంది. ఉన్నది రాయాలి కనుక రాస్తున్నాను.

బాపమ్మ

*

ఆదిలాబాద్
మార్చి 20

బాపమ్మా,

నా ఉపాయం వెనక్కి తీసుకున్నాను. నీ మర్యాద కాపాడుతున్నాననుకుని మమతక్క మర్యాద లెక్కలోకి తీసుకోలేదు.

శనివారం బయలుదేరి వస్తాను. ఆదివారం ముందు బెంచీలో కూర్చుంటాను. నువ్వు నన్ను చూస్తూ మాట్లాడు. వద్దంటే ఫోను చెయ్యి, ఈసారి కుడి చెవికి పెట్టుకో.

నీ వెస్లీ

*

కరీంనగర్
ఏప్రిల్ 21

వెస్లీకి,

నిన్ను రావద్దన్నాను. ఆ ఆదివారం సాయంత్రం ఫోనులో "చెప్పేశాను" అని మాత్రం చెప్పి పెట్టేశాను. మిగతాది రాయడానికి నెల పట్టింది. నిన్న జరిగింది చూడనిదే ఇది పూర్తి కాదని ఆగాను.

ఆ రోజు ప్రకటనల తర్వాత పాస్టరుగారిని అడిగి లేచాను. రాసుకున్న కాగితం చేతిలో ఉంది, చదవలేదు. "మమతారాణి ఎప్పుడూ పాడుతూనే ఉంది. నా ఎడమ చెవి పనిచేయడం లేదు. అది తెలుసుకోకుండా, ఆమె నటిస్తున్నదని మీ అందరి ముందు అన్నాను. అది నిజం కాదు. ఇకమీదట బృందాన్ని ఆరాధన నడుపుతుంది" అన్నాను. కుడివైపు బెంచీల్లో ఎవరో "అయ్యో" అన్నారు. ఎడమవైపువాళ్ళు ఏమన్నారో నాకు తెలియదు.

మమతారాణి ఆ రోజు రాలేదు. ఐలవ్వ వచ్చింది. ఎప్పుడూ చెట్టు దాటని మనిషి వాకిట్లోకి వచ్చి, చెప్పులు చేత పట్టుకుని నిలబడి, నా మాట పూర్తి కాగానే వెళ్ళిపోయింది.

తర్వాతి వారం పరశురాములును తోడు తీసుకుని చెవి డాక్టరు దగ్గరికి పోయాను. పేరు పిలిస్తే ఇద్దరికీ వినపడలేదు. రెండుసార్లు మా వంతు దాటిపోయింది. నరం దెబ్బతిన్నదని, పోయింది తిరిగి రాదని, యంత్రంతో కొంత వినవచ్చని డాక్టరు చెప్పాడు. మే నెలలో అమరుస్తారు.

మమతారాణి వారం వారం రాలేదు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారమూ రాలేదు. నేను మళ్ళీ వాళ్ళింటికి పోలేదు. చెప్పవలసినది చెప్పాను, క్షమించడం క్షమించకపోవడం ఆమెది.

నిన్న ఈస్టరు. తెల్లవారి ప్రార్థనకు మమతారాణి వచ్చింది. బృందంలో ఆమె చోటు ఖాళీగా ఉంచారు. అటు చూసింది గాని పోలేదు. ఆడవాళ్ళ బెంచీల్లో మూడోదానిలో కూర్చుంది. నేను లేచి వెళ్ళి ఆమెకు ఎడమపక్కన, నా కుడి చెవి ఆమెవైపు ఉండేటట్టు కూర్చున్నాను. నావైపు చూడలేదు. జరగనూ లేదు.

ఆరాధన చెయ్యి ఎత్తింది. పాట మొదలైంది. ఎదురుగా నిలబడినప్పుడు బృందం గోడలాగా ఒక్కటై వినపడుతుంది. బెంచీలో కూర్చుంటే ఒక్కో గొంతూ విడివిడిగా వచ్చింది. మమతారాణి రెండో స్వరం పట్టుకుంది. గట్టి గొంతు కాదు. తోడున్న పాటను కింది నుంచి మోసే గొంతు. ఏడాది తర్వాత వింటున్నాను. ఆ సంతోషంలో నా గొంతూ వేగమూ పెరిగాయి, నేను గమనించుకోలేదు.

మొదటి చరణం కాగానే ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"టీచరమ్మా, మీరు జర ముంగట పోతున్నరు. ఆగి పాడుండ్రి" అన్నది.

రెండో చరణం ఆమెతో కలిసి పాడాను.

బాపమ్మ